పురిటి నాచు

బూసాన్, 2005 ఫిబ్రవరి 17

పెద్దమ్మా,

ముందు కూర్చో. కూర్చున్నావా? కళ్లజోడు పెట్టుకో. నీ చెవులు ఫోనుకి లొంగి ఉంటే ఈ మాట రెండు నిమిషాల్లో తేలిపోయేది. చిన్నప్పట్నుంచీ సముద్రంలో మునిగి మునిగి ఆ చెవులు కాస్తా దానికే అప్పజెప్పావు. ఇప్పుడు నేనిలా కాగితాలు ఖరాబు చెయ్యాలి.

సంగతేమిటంటే, నా గర్భసంచిలో గడ్డ ఉంది. కంగారుపడకు, చెడ్డ గడ్డ కాదు. ఫైబ్రాయిడ్ అంటారట. మన జేజు దీవి తోటల్లో బొడ్డు కమలా ఉంటుందే, అంత ఉంది. రెండేళ్లుగా నెలనెలా నేను పడుతున్న నరకమంతా దాని పుణ్యమే. పోయిన వారం బడి వంటశాలలో అన్నం గంగాళం ఎత్తబోయి, కళ్లు తిరిగి ముల్లంగి బుట్టలో కూలబడ్డాను. పిల్లలు ఆటనుకుని చప్పట్లు కొట్టారు. లేవలేకపోయేసరికి అప్పుడు పిలిచారు టీచర్లని.

మొదటి డాక్టరు గర్భసంచి తీసేద్దామన్నాడు. మళ్లీ సముద్రంలో మునగడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగాను. "మునగడమా? ఈ వేసవి సంగతి మర్చిపోండమ్మా" అన్నాడు. ఎలా మర్చిపోతాను? జూన్‌లో ఎర్ర నాచు కోతకి రేవు తెరుస్తారు. అదే నీ ఆఖరి మునక. చెవులు వినపడని మనిషి జత లేకుండా నీళ్లలో దిగడానికి వీల్లేదని మీ మునిగేవాళ్ల సంఘం పెద్ద గున్‌జా తేల్చి చెప్పిందాయె. మిగతావాళ్లందరికీ జతలున్నాయి, నీకు నేనే. నేను రాకపోతే నువ్వు ఒడ్డున కూర్చుని నెగడి ఎగదోయాలి. నీ కోపంతో నువ్వు నెగడి ఎగదోస్తే రేవంతా తగలబడిపోతుంది.

అందుకని ఇంకో డాక్టరు దగ్గరికి పోయాను. ఈయన కొయ్యడట. గజ్జ దగ్గర చిన్న బెజ్జం పెట్టి, సన్న గొట్టాన్ని రక్తనాళంలోంచి పైకి పంపి, గడ్డకి రక్తం మోసే నాళాల్లో ఇసుక రేణువులంత పూసలు వదులుతాడట. దారి మూసుకుపోతే గడ్డకి తిండి అందదు. తిండి లేక అదే ఎండిపోతుంది. గర్భసంచి నాది నాకే ఉంటుంది. మార్చి మొదటివారంలో రమ్మన్నాడు.

ఓడలో ఉన్న మీ అల్లుడికి చెప్పకు. సాంగ్‌చొల్ పోయిన వసంతంలో ఎక్కిన ఓడ ఇంకా దిగలేదు. టూనా చేపల వెనకాల తిరిగే మనిషికి ఇవన్నీ ఎందుకు, కంగారులో వలలో పడతాడు.

నీ యొన్‌హీ


జేజు, ఫిబ్రవరి 24

ఒసే మొండిదానా,

నా మునక కోసం నీ పొట్టలో పూసలు పోయించుకుంటావుటే? బుద్ధుందా? నేను ముసలిదాన్ని, ఒడ్డున కూర్చుంటే నాకేం అరిగిపోదు. ఒట్టు, అరిగిపోదు. ఈ ఒట్టు తీసి గట్టున పెట్టు, నిజంగా అరిగిపోతాను. కానీ నువ్వు నా కోసం చెయ్యకు, నీ కోసం చేయించుకో.

పూసలంటున్నావు, గాజువా? లోపల గలగల్లాడవు కదా? మంచం మీద అటూ ఇటూ దొర్లకు. గడ్డకి తిండి మానిపిస్తే అది ఊరుకుంటుందా? ఆకలేసిన గడ్డ పక్కవాటి మీద పడదా? ఇవన్నీ డాక్టరుని అడుగు. సిగ్గుపడకు, అతనేం మీ మామగారు కాదు.

ఇక్కడ ఒకటే గాలి. కుక్క నా పైవరస పళ్లు ఎత్తుకుపోయి కోళ్లగూట్లో పెట్టింది. కడిగి పెట్టుకున్నాను.

నీకు నాచు పంపిస్తున్నాను. మామూలు నాచు కాదు, బాలింతలకి పెట్టే పురిటి నాచు. పొడుగాకు, వెడల్పాకు, ఒక్క చీలిక లేదు. గర్భసంచి బాగుపడాలంటే, పోయిన రక్తం మళ్లీ పట్టాలంటే, అదే మందు. మన రాళ్ల మీది నాచు ఇంకా జానెడే ఉంది, అందుకని సంఘం కొట్లో కొన్నాను. మడిస్తే కాన్పు కష్టమవుతుందంటారు, అందుకని మడిచి పంపడానికి లేదు, తెలుసుగా. నిలువునా వస్తుంది. పొద్దునా సాయంత్రం చారు కాచుకో. గోధుమరంగు పిండి సంచీ కూడా పెట్టాను, జొన్న కాదు, బక్‌వీట్. ఆ పిండి ఉండలు చారులో వేసుకో.

ఎవరన్నా ఏమన్నా అడిగితే నవ్వి ఊరుకో. ఎందుకని అడక్కు.

మీ పెద్దమ్మ మాల్‌జా


బూసాన్, మార్చి 13

పెద్దమ్మా,

అయిపోయింది! బతికే ఉన్నాను, పూసలు గలగల్లాడట్లేదు. డాక్టరుని నిజంగానే అడిగాను. ఆయన నవ్వి, నవ్వితే చెయ్యి కదులుతుందని కాసేపు ఆగి, మళ్లీ మొదలెట్టాడు. నేను మెలకువగానే ఉన్నాను. గజ్జ దగ్గర మాత్రం మొద్దుబారేలా సూది వేశారు. పక్కనున్న తెర మీద నా రక్తనాళాలు ముల్లంగి వేళ్లలా కనపడుతున్నాయి. డాక్టరు కూనిరాగం తీస్తూ ఒక్కో వేరుకీ దారి మూస్తున్నాడు. పాత పాటే, నాకూ వచ్చు. చరణం తప్పు పాడుతుంటే సరిదిద్దాను. నర్సు నన్ను మాట్లాడొద్దంది.

ఆ తరవాత కాలు కదపకుండా చాపి పడుకోవాలి. కాలు కదపకూడదు అనేసరికి ఒంట్లో ఉన్న దురదలన్నీ అరికాల్లోకే వచ్చి చేరాయి.

ఆ రాత్రి మాత్రం నవ్వలేదు, పెద్దమ్మా. నీ దగ్గర దాచడమెందుకు. గడ్డ ఆకలితో గింజుకుంటోందో ఏమో, పొట్టలో మెలిపెట్టి పిండేసింది. నొప్పి మందు వచ్చే బొత్తాం చేతికిచ్చారు, నొక్కిందే నొక్కాను. నర్సు నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. తెల్లారేసరికి తగ్గింది. ఇంటికొచ్చాక జ్వరం, నీరసం ఉన్నాయి. ఇవన్నీ మామూలే, పోతాయన్నారు.

ఇక నాచు సంగతి. పార్శిల్ మనిషి దాన్ని ఈటెలా భుజానేసుకుని మూడంతస్తులు ఎక్కాడు. 'మడవకూడదు' అని నువ్వు నాలుగు వైపులా రాశావు కదా, అటు తిరగలేక ఇటు తిరగలేక మెట్ల మీద రెండు బల్బులు పగలగొట్టాడు. ఆ చప్పుడికి కింది వాటా పిల్‌నామ్ గారు తలుపు తీసి చూసింది. నిలువెత్తు పురిటి నాచు. నేనేమో ఆస్పత్రి నుంచి వచ్చి, పొట్ట పట్టుకుని, వంగి వంగి నడుస్తున్నాను. ఇంకేం కావాలి!

నాకేం తెలుసు? టీవీ చప్పుడు తగ్గించేసింది. గిన్నెలు మెల్లగా కడుగుతోంది. ఎంత మర్యాదో అనుకున్నాను. వారం దాకా ఒక్క మనిషి నన్ను చూడ్డానికి రాలేదు. వంటశాలలో ఇన్నేళ్లు కలిసి పనిచేసినవాళ్లు, ఒక్కరూ రాలేదేమని ఏడ్చాను కూడా. నిన్న కిందికి దిగితే తెలిసింది. ఆ మహాతల్లి బిల్డింగు గేటుకి, పురిటింటికి పరాయివాళ్లు రాకుండా కడతారే, ఆ గడ్డి తాడు కట్టింది! మధ్యమధ్య బొగ్గు ముక్కలు గుచ్చి మరీ! ఈ రోజుల్లో ఎవరు కడతారమ్మా? పురిటి ఇల్లు కదా అని వచ్చినవాళ్లు వచ్చినట్టే గేటు దగ్గర్నుంచి వెనక్కి పోయారు. పోస్టుమాన్ కూడా లోపలికి రాలేదు. ఉత్తరాలన్నీ కూరగాయల కొట్లో పడున్నాయి.

వాటితోపాటు మీ ఊరి నుంచి మూడు పార్శిళ్లు. ఒకదాంట్లో పిల్ల చొక్కాలు. ఒకదాంట్లో వేలెడంత మేజోళ్లు. మూడోదాంట్లో 'అమ్మాయికైనా అబ్బాయికైనా' అని చీటీ పెట్టి ఉన్న ముక్కు తుడిచే గుడ్డలు.

పెద్దమ్మా, ఏం చేశావు?

యొన్‌హీ


జేజు, మార్చి 21

నా తల్లీ,

నేనేం చెయ్యలేదు. నోరు తెరిచి ఒక్క అబద్ధం ఆడలేదు. నమ్ము.

జరిగింది ఇదీ. సంఘం కొట్టుకి పోయి, ఇదిగో ఈ నాచు కావాలన్నాను. కొట్లో అమ్మే అమ్మాయి ధర చెప్పింది. ఇచ్చేశాను. అంతే! పురిటి నాచుకి బేరం ఆడితే పిల్లకి అరిష్టం కదా. పిల్ల లేకపోతేనేం, నీ పొట్ట సంగతి, నాకు బేరమాడడానికి నోరు రాలేదు. నేను, మాల్‌జాని, ఉప్పు పొట్లానికి కూడా గంటసేపు బేరమాడేదాన్ని, నోరెత్తకుండా కొన్నాను. కొట్లో ఉన్నవాళ్లంతా మాటలాపి నా వంక చూశారు. ఆ అమ్మాయి తాడు కడుతూ, 'మడవనా?' అంది. 'మడిస్తే నీ వేళ్లు విరుస్తా' అన్నాను. ఇంటికొచ్చేలోపలే రేవంతా పాకిపోయింది.

గున్‌జా పరిగెత్తుకుంటూ వచ్చి నా చెవిలో అరిచింది, "మీ యొన్‌హీకా?" అని. ఏమని చెప్పనే? ఆడదాని పొట్టలో గడ్డ సంగతి నెగడి చుట్టూ చెప్పే మాటా? అయ్యో అంటారు, పాపం అంటారు, నువ్వొచ్చినప్పుడు నీ మొహంలోకి చూడకుండా నీ పొట్ట వంక చూస్తారు. నవ్వి ఊరుకున్నాను. నా నవ్వులో ఏముందో నాకేం తెలుసు, పళ్లు కూడా సరిగ్గా లేవు.

చిక్కెక్కడొచ్చిందంటే, వాళ్లు వేళ్లు మడిచి లెక్కేశారు. అల్లుడు ఓడెక్కి ఏడాది దాటుతోందిగా. నెగడి చుట్టూ ఒకటే గుసగుస. నాకు వినపడదు గానీ నోళ్లు కదలడం కనపడదా? మధ్యలో ఓసారి సెలవు మీద వచ్చాడులే అన్నాను. ఇది మాత్రం అబద్ధమే. ఒక్కటే, చిన్నది.

గున్‌జా తన మనవలందరూ ఊగిన వెదురు తొట్టి దులిపి, కడిగి, ఎండబెట్టి తెచ్చిచ్చింది. జూన్‌లో రేవు తెరిచేటప్పటికి పిల్లకి నూరు రోజులు నిండుతాయట. కోత, పండగ కలిపి చేసేద్దామంటోంది. తెల్ల రొట్టెలకి బియ్యం కూడా నానబెట్టేలా ఉంది.

నీ జ్వరం తగ్గిందా? గడ్డ ఎంతయింది? చారు తాగుతున్నావా?

తిట్టు, పడతాను. కానీ రాయడం మానకు.

మీ పెద్దమ్మ


బూసాన్, ఏప్రిల్ 9

మాల్‌జా గారికి,

పెద్దమ్మా అని పిలవడానికి ఇవాళ మనసొప్పడం లేదు.

మొన్న ఫోను మోగింది. గరగరమని సముద్రం మధ్యలోంచి మీ అల్లుడు. ఏడాదిలో నాలుగోసారి ఫోను చెయ్యడం. మీ గున్‌జా మేనల్లుడు పక్క ఓడలో ఉన్నాడట. మీ ఊరి కబురు అతని దగ్గరికి, అతని దగ్గర్నుంచి మా ఆయన దగ్గరికి! ఎక్కడ మొదలెట్టాలి, గడ్డ దగ్గరా, నాచు దగ్గరా, నీ నవ్వు దగ్గరా?

నేను నోరు తెరిచేలోపల ఆయనే అన్నాడు. "యొన్‌హీ, నేను కూడా లెక్కేశాను. సరిపోలేదు. కానీ నాకు లెక్కలు రావని నీకు తెలుసుగా. నువ్వు బాగున్నావా? ఆడపిల్లయితే సోరా అని పెడదాం."

పెద్దమ్మా, నేను ఫోను పట్టుకుని గట్టిగా ఏడ్చేశాను. ఆయన కంగారుపడి, "పోనీ వేరే పేరు పెడదాంలే" అన్నాడు. అప్పుడు నవ్వొచ్చి, ఏడుపూ నవ్వూ కలిసి ఎక్కిళ్లు పట్టుకుని, అసలు సంగతంతా చెప్పాను. అంతా విన్నాడు. తరవాత, "అన్నాళ్లు రక్తం పోతుంటే నాకు చెప్పకుండా దాచావా?" అన్నాడు. పిల్ల పుట్టిందన్నప్పుడు రాని కోపం అప్పుడొచ్చింది. ఇరవై ఏళ్లుగా కాపరం చేస్తున్నాను, ఈ మనిషిని నేను సరిగ్గా చూడనేలేదు. అందుకని నిన్ను సగం క్షమించాను.

మిగతా సగం ఇంకా మిగిలే ఉంది. పిల్‌నామ్ గారికి నిజం చెప్తే తాడు విప్పేసింది గానీ, పిల్ల లేదన్న బెంగ ఆవిడకే ఎక్కువ పట్టుకుంది. రోజూ ఏదో జావ కాచి తెస్తోంది.

ఒక మాట చెప్పాలి, భయపడకు. నిన్న కార్పొరేషన్ ఈతకొలనుకి పోయాను. ఊపిరి బిగబట్టి మునిగి చూశాను. చిన్నప్పుడు నువ్వు పాట రెండు చరణాలు పాడేదాకా మునిగేదాన్ని. ఇప్పుడు పల్లవి కూడా కాలేదు. కళ్ల ముందు నల్లగా అయిపోయింది. కాపలా కుర్రాడు జుట్టు పట్టుకు లాగి గట్టున పడేశాడు. రక్తం ఇంకా పట్టలేదట, ఇనుము మాత్రలు మింగుతూనే ఉండాలన్నారు. జూన్‌కి నేను నీకు జతగా పనికొస్తానో లేదో తెలియడం లేదు. ఇంతా చేసి రాలేకపోతే ఎలా, పెద్దమ్మా?

చూశావా, చివరికి పెద్దమ్మా అనే పిలిచాను.

యొన్‌హీ


జేజు, ఏప్రిల్ 18

యొన్‌హీ,

ఇంకోసారి ఒంటరిగా నీళ్లలో దిగావంటే నేనే వచ్చి కాళ్లు విరగ్గొడతాను. సముద్రంలో పుట్టినదానివి, ఈతకొలనులో చస్తే నలుగురిలో నా పరువేం కావాలి?

ఇది విను. నువ్వు రాలేకపోతే రాకు. నెగడి దగ్గర కూర్చుంటాను. రాత్రే అద్దం ముందు కూర్చుని ఒడ్డున కూర్చున్న మొహం పెట్టి చూసుకున్నాను. బాగానే ఉంది. కాస్త పులిసిన కిమ్చీలా ఉంది, అంతే. నాకు మునక ముఖ్యం కాదే. నువ్వు ముఖ్యం. ఇది ఉత్తరంలో గనక రాయగలిగాను, ఎదురుగా ఉంటే తిట్టేసేదాన్ని.

నీ పరువు నేను తీశాను, నేనే సరిచేస్తాను. నిన్న నెగడి దగ్గర లేచి నిలబడ్డాను, చెప్పేద్దామని. అందరూ నా వంక చూశారు. నోట్లోంచి, "ఇవాళ గాలి పడమటిది" అని వచ్చింది. కూర్చున్నాను. మళ్లీ ప్రయత్నిస్తాను.

నీళ్లలో పట్టుకు తేలే నా సొరబుర్ర పగుళ్లిచ్చింది. బాగు చేయించలేదు. ఎందుకులే అనిపించింది.

పెద్దమ్మ


బూసాన్, మే 27

పెద్దమ్మా! పెద్దమ్మా! పెద్దమ్మా!

సొరబుర్ర బాగు చేయించు!

నిన్న డాక్టరు స్కాన్ తీశాడు. బొడ్డు కమలా మామూలు కమలా అయింది, అదీ ఎండిన కమలా. ఇంకా తగ్గుతుందట. పోయిన రెండు నెలలూ నేను మనిషిలా గడిపాను, తెల్ల లాగు వేసుకుని బస్సెక్కాను, తెలుసా! రక్తం పట్టింది. సముద్రంలో మునగొచ్చా అని అడిగితే, "మునగండి, నాకో ఆక్టోపస్ పంపండి" అన్నాడు. ఈతకొలనులో కాపలా కుర్రాణ్ణి పక్కన నిలబెట్టుకుని మునిగాను. వాడి చేత పాట పాడించాను. రెండు చరణాలూ అయ్యాయి! మూడోది వాడికి రాదు.

వస్తున్నాను. పిల్ల లేకుండా వస్తున్నాను. ఆ మాట బస్సు దిగేలోపల నువ్వు చెప్తావో, దిగాక నేను చెప్పాలో తేల్చుకో.

నీ యొన్‌హీ


బూసాన్, జూన్ 16

పెద్దమ్మా,

మన మునక గురించి నేను రాయక్కర్లేదు, ఇద్దరం కలిసే మునిగాం. కానీ ఆ ముందు నెగడి దగ్గర జరిగింది నీకు సగమే తెలుసు. అందుకని ఇల్లు చేరగానే కూర్చుని రాస్తున్నాను.

నేను ఒట్టి చేతులతో బస్సు దిగాను. రొట్టెల బుట్టలు, వెదురు తొట్టి, రబ్బరు సూట్లలో అందరూ. "పిల్లేదే?" అంది గున్‌జా. అప్పుడు నువ్వు లేచావు. చెవిటివాళ్లు మెల్లగా మాట్లాడుతున్నామనుకుని అరుస్తారు చూడు, అలా అరిచావు. "పిల్ల లేదు! దాని గర్భసంచిలో గడ్డ! రెండేళ్లు రక్తం పోయింది! పూసలు పోసి ఎండగట్టారు! అబద్ధం నాది!" పడవల్లో ఉన్న మగవాళ్లు కూడా ఇటు తిరిగారు. అని, తల వంచుకుని మంటలోకి చూస్తూ కూర్చున్నావు. ఆ తరవాత ఒక్క మొహం నువ్వు చూడలేదు. వాళ్లంతా నిన్ను దుమ్మెత్తి పోస్తున్నారనుకున్నావు కదూ?

ఎవరూ నిన్నేమీ అనలేదు. తరవాత గున్‌జా నా పక్కకి జరిగి, "నొప్పెట్టిందా?" అంది. ఒక రాత్రి అన్నాను. "ఒక్క రాత్రేనా?" అంది. మీ గున్‌జా, పెద్దమ్మా, అందర్నీ హడలగొట్టే గున్‌జా! ఎన్నో ఏళ్లుగా నల్ల సూటు కదా కనపడదులే అని గుడ్డలు దోపుకుని మునుగుతోందట. నడుం నొప్పి అని చెప్పేదే, అది నడుం కాదు. అది వినగానే అటునుంచి ఒకావిడ, "నాది కమలా అంతన్నారు" అంది. ఇంకొకావిడ, "ఓస్, కమలాయేనా, నాది ముల్లంగి" అంది. అందరూ ఒకటే నవ్వు. నువ్వు తలెత్తి చూసేసరికి అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. నిన్ను చూసి నవ్వుతున్నారనుకుని సొరబుర్ర తీసుకుని విసవిసా నీళ్లలోకి పోయావు. జత లేకుండా! నీ వెనకాల నేను పరిగెత్తాను.

నీ మీద నవ్వలేదు. 'మాల్‌జా అక్క నోరు తెరిచింది కాబట్టి మేమూ తెరిచాం' అంది గున్‌జా. ఇది నీకు రాసివ్వమంది.

సోరా సంగతి మీ అల్లుడికి చెప్పాను. నేను పట్టిన ఆక్టోపస్‌ని వెదురు తొట్టిలో పడుకోబెట్టి, అందరూ ఊపి, సోరా అని పేరు పెట్టి, రొట్టెలు పంచుకున్నామని. పేరు పెట్టాక తినబుద్ధి కాక తిరిగి సముద్రంలో వదిలేశామని. ఆయన ఓడ వచ్చే నెల వస్తోంది. 'అది ఎదురొస్తే వల తప్పిస్తాను' అన్నాడు. డాక్టరుకి మాత్రం ఎండబెట్టిందొకటి కొని పంపాను.

నీ యొన్‌హీ


జేజు, జూన్ 22

యొన్‌హీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తరవాత గున్‌జా ఇంటికి పోయి, దాని వాకిట్లో కూర్చున్నాను. ఇద్దరం వెల్లుల్లి వలిచాం.

నేను కూడా నీకు తెలియనిది ఒకటి చెప్పాలి. నీళ్లలోంచి పైకి రాగానే మనం బిగబట్టిన ఊపిరి ఈలలా వదులుతాం కదా. చాలా ఏళ్లుగా నాకు ఎవరి ఈలా వినపడలేదు, నాది కూడా. ఆ రోజు నువ్వు మునిగి ఎంతకీ పైకి రాలేదు. రెండు చరణాలు మనసులో పాడాను, అయిపోయాయి. మూడోది మొదలెట్టాను. అప్పుడు పక్కనే తేలావు. నేను నీ వీపు మీద చెయ్యేసి పట్టుకున్నాను, గుర్తుందా? అలిసిపోయి పట్టుకున్నాననుకున్నావు. కాదు. నువ్వు ఈల వేస్తుంటే నీ వీపు వణికింది. అది నా అరచేతికి తెలిసింది. పొడుగ్గా, నాకు వినపడే రోజుల్లో మీ అమ్మ వేసిన ఈల లాగే. ఏడ్చాను. సముద్రంలో ఏడిస్తే ఎవరికీ తెలియదు, అదొక సుఖం.

అందుకని ఆఖరి మునక అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. గున్‌జాని అడిగాను. 'జత ఉంటే వచ్చే ఏడు కూడా దిగు' అంది.

గున్‌జా, ఇంకో ఇద్దరూ వచ్చేవారం బూసాన్ వస్తున్నారు, మీ పాటలు పాడే డాక్టరు దగ్గరికి. నీ ఇంట్లోనే దిగుతారు. పిల్‌నామ్ గారికి ముందే చెప్పు, గేటుకి తాడు కట్టొద్దని. నాచు నేను పంపిస్తాను. ఈసారి కొట్టు గుమ్మంలో నిలబడి, ఊరంతా వినేలా బేరమాడి కొంటాను.

నీ జత,
మాల్‌జా